పాట సముద్రం దాటిన కథ: ఫిస్క్ జూబిలీ గాయకుల యాత్ర నుంచి మనం నేర్చుకోవాల్సింది

దండారి రోజుల్లో గుస్సాడీ ఆట చూసి ఇంటికి పోతుంటేనో, ఆగస్టు 9న వేదిక మీద థింసా, కొమ్ము నృత్యం అయిపోయాకనో మన పిల్లలు అడిగే మాట ఒకటుంది. "మన బృందం విదేశాలకు ఎప్పుడు పోతది?" అడగడంలో తప్పేమీ లేదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాది కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి వచ్చింది. మన డోలు చప్పుడు దేశమంతా విన్నది. ఇక దేశం దాటడం ఎంత దూరం అనిపించడం సహజం.

అయితే విమానం టికెట్ కొనే ముందు తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. నూట యాభై ఏళ్ళ క్రితం మనలాగే పేదరికంలో, మనలాగే "వీళ్ళకేం కళ ఉంటుంది" అనే చిన్నచూపు మధ్య పెరిగిన కొందరు యువతీయువకులు తమ పెద్దల పాటలు పట్టుకుని సముద్రం దాటారు. వాళ్ళు అమెరికాలోని నల్లజాతి విద్యార్థులు. వాళ్ళ బృందం పేరు ఫిస్క్ జూబిలీ సింగర్స్. ఆ యాత్ర ఎలా తయారైంది, ఎవరు ముందు నడిచారు, ఎంత సంపాదించారు, ఏం పోగొట్టుకున్నారు అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. చివర్లో మన ప్రయాణం గురించి కూడా నాలుగు మాటలు మాట్లాడుకుందాం.

పాత ఆసుపత్రి షెడ్లలో ఒక బడి

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. బానిసత్వం రద్దయింది. స్వేచ్ఛ వచ్చింది గానీ చేతిలో భూమి లేదు, అక్షరం లేదు. బానిసలకు చదువు చెప్పడం దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో అప్పటిదాకా నేరం. అలాంటి సమయంలో టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణంలో 1866 జనవరిలో ఒక బడి మొదలైంది. అమెరికన్ మిషనరీ అసోసియేషన్ అనే సంస్థ దాన్ని నడిపింది. యుద్ధకాలంలో సైనికుల ఆసుపత్రిగా వాడిన చెక్క షెడ్లే తరగతి గదులు. స్థలం ఇప్పించడంలో సాయం చేసిన జనరల్ క్లింటన్ ఫిస్క్ పేరు ఆ బడికి పెట్టారు.

చిన్న పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా చదువుకోవడానికి వచ్చారు. వాళ్ళ దగ్గర ఫీజు కట్టే డబ్బు లేదు. అయిదేళ్ళు తిరిగేసరికి షెడ్లు కూలిపోయే స్థితికి వచ్చాయి. అప్పులు పెరిగాయి. బడి మూసేద్దామా అన్న మాట మొదలైంది.

ఆ బడి కోశాధికారి జార్జ్ వైట్. ఉత్తరాది తెల్లజాతి మనిషి, యుద్ధంలో బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన సైనికుడు. డబ్బు లెక్కలతో పాటు పిల్లలకు సంగీతం కూడా ఆయనే చెప్పేవాడు. పిల్లల గొంతులు విన్నాక ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఈ బృందాన్ని ఉత్తరాది పట్టణాలకు తీసుకుపోయి కచేరీలు పెడితే బడికి డబ్బు రాదా?

ఆయనకు కుడిభుజం ఎల్లా షెపర్డ్ అనే అమ్మాయి. 1851లో నాష్‌విల్‌లో బానిస తల్లికి పుట్టింది. తండ్రి కూలి చేసి తన స్వేచ్ఛ తాను కొనుక్కున్నాడు, తర్వాత 350 డాలర్లు కట్టి కూతురిని విడిపించుకున్నాడు. తల్లిని మాత్రం యజమాని అమ్మలేదు. తల్లీకూతుళ్ళు విడిపోయారు. ఎల్లాకు పియానో మీద ప్రాణం. సిన్సినాటిలో ఒక టీచర్ ఆమెకు నేర్పడానికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: రాత్రిపూట, వెనక తలుపు నుంచి రావాలి, ఎవరికీ చెప్పకూడదు. ఎల్లా అలాగే వెళ్ళి నేర్చుకుంది. తర్వాత చేతిలో ఆరు డాలర్లతో ఫిస్క్ బడికి వచ్చింది. కొంతకాలానికి అక్కడే సంగీతం నేర్పే పని దొరికింది.

తలుపులు మూసుకుని పాడిన పాటలు

ఇక్కడ మన యువత బాగా గమనించాల్సిన సంగతి ఉంది. ఈ బృందం మొదట నేర్చుకున్నది తమ పాటలు కాదు. ఆ రోజుల్లో తెల్లవాళ్ళ ఇళ్ళల్లో, చర్చిల్లో పాడే పాటలు, యూరప్ పద్ధతి సంగీత నాటికలు నేర్చుకున్నారు. "మేమూ మీలాగే పాడగలం" అని చూపించాలనే తపన అది.

సొంత పాటలు లేవా అంటే బోలెడు ఉన్నాయి. పత్తి చేలల్లో పని చేస్తూ, రాత్రిళ్ళు అడవిలో చాటుగా ప్రార్థన చేసుకుంటూ వాళ్ళ అమ్మానాన్నలు పాడుకున్న పాటలు. ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు బదులు పాడేవి. వాటిని స్పిరిచువల్స్ అంటారు. వాటిలో దేవుడున్నాడు, ఏడుపుంది, యజమానికి అర్థం కాని విధంగా స్వేచ్ఛ కోరిక కూడా ఉంది. కానీ ఆ పాటలను బయట పాడాలంటే పిల్లలకు మనసొప్పలేదు. దానికి రెండు కారణాలు. ఒకటి, అవి బానిసత్వం రోజులను గుర్తుచేస్తాయి, ఆ రోజులను మరిచిపోదామనుకుంటున్నారు. రెండోది ఇంకా లోతైనది. అవి పెద్దల పూజ పాటలు. పరాయివాళ్ళ ముందు వినోదానికి పాడేవి కావు.

కాబట్టి ముందు తలుపులు, కిటికీలు మూసుకుని, నేల మీద కూర్చుని, గొంతు తగ్గించి పాడుకున్నారు. ఒక్కొక్కరు తమ ఇంట్లో విన్న పాటను గుర్తు చేసుకుని చెప్పేవారు. ఎల్లా వాటిని సేకరించి, స్వరపరిచి, బృందానికి నేర్పింది. అలా పాటల మూట పెరిగింది. ఆ మూటను జనం ముందు విప్పాలా వద్దా అన్నది మాత్రం చాలాకాలం తేలలేదు.

ఇంకొక భయం కూడా ఉంది. అప్పట్లో అమెరికాలో తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని, నల్లవాళ్ళను వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు ఊరూరా నడిచేవి. నల్లవాళ్ళు వేదిక ఎక్కారంటే జనం అలాంటి కోతి చేష్టలే ఆశించేవారు. సినిమాల్లో ఆకులు కట్టి, "జింగ లక" అని గెంతించి, అదే మన ఆట అని చూపించినప్పుడు మనకు కలిగే బాధ ఎలాంటిదో, వాళ్ళకు కలిగిందీ అలాంటిదే.

1871 అక్టోబర్ 6

ఆ రోజు బృందం నాష్‌విల్ నుంచి రైలెక్కింది. తొమ్మిది మంది గాయకులు. ఎల్లాతో పాటు మ్యాగీ పోర్టర్, జెన్నీ జాక్సన్, మిన్నీ టేట్, ఎలిజా వాకర్, ఐజాక్ డికర్సన్, బెంజమిన్ హోమ్స్, థామస్ రట్లింగ్, గ్రీన్ ఎవాన్స్. వీరిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. మ్యాగీ పోర్టర్ పల్లెలో బడి చెబుతుంటే కూ క్లక్స్ క్లాన్ గుంపు ఆ బడిని తగలబెట్టింది. బెంజమిన్ హోమ్స్ చార్లెస్టన్‌లో బానిసలను బంధించి ఉంచే జైల్లో ఉన్నప్పుడు, లింకన్ విముక్తి ప్రకటనను తోటివారికి చదివి వినిపించినవాడు. మిన్నీ టేట్‌కు పద్నాలుగేళ్ళు. పిల్లలను పంపడానికి తల్లులు భయపడ్డారు. బడి నడిపే సంస్థ పెద్దలకు కూడా ఈ పని మీద నమ్మకం లేదు. వైట్ బడి ఖజానాలో ఉన్నదంతా దారి ఖర్చులకు తీసుకుని బయలుదేరాడు.

ఏ ఊళ్ళకు పోవాలి? బానిసత్వం రోజుల్లో పారిపోయి వచ్చినవాళ్ళకు రహస్యంగా ఆశ్రయమిచ్చిన ఊళ్ళు ఉత్తరాన ఉన్నాయి. ఆ దారిని అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అనేవారు. బృందం కూడా ఆ ఊళ్ళ వరసనే పట్టుకుంది. అన్నం పెట్టే ఇల్లు, పాడుకోవడానికి చర్చి దొరికే దారి అదే.

మొదటి వారాలు దుర్భరంగా గడిచాయి. చలికి తగిన బట్టలు లేవు. చాలా హోటళ్ళు గది ఇవ్వలేదు. ఒక హోటల్ యజమాని వీళ్ళను మసి పూసుకున్న తెల్లవాళ్ళనుకుని గదులిచ్చి, నిజంగా నల్లవాళ్ళేనని తెలిశాక బయటికి పంపేశాడు. సిన్సినాటిలో ఒక కచేరీకి దాదాపు 50 డాలర్లు వచ్చాయి. సరిగ్గా అప్పుడే షికాగో నగరం మంటల్లో తగలబడింది. తమకే తిండికి కష్టంగా ఉన్నా ఆ డబ్బు మొత్తం షికాగో బాధితులకు ఇచ్చేశారు.

కొలంబస్ అనే ఊళ్ళో వైట్ ఒక రాత్రి ఆలోచించి బృందానికి పేరు పెట్టాడు. బైబిల్లో యాభై ఏళ్ళకొకసారి వచ్చే జూబిలీ సంవత్సరంలో బానిసలను విడుదల చేయాలని ఉంది. అలా "జూబిలీ సింగర్స్" అయ్యారు. అప్పటిదాకా వాళ్ళకు పేరే లేదు.

మలుపు నవంబర్‌లో ఓబర్లిన్ పట్టణంలో వచ్చింది. అక్కడ చర్చి పెద్దల మహాసభ జరుగుతోంది. వీళ్ళు ఆ రోజు నేర్చుకున్న పాటలు పక్కనపెట్టి, తలుపులు మూసుకుని పాడుకున్న పాట ఒకటి అందుకున్నారు. సభ నిశ్శబ్దమైంది. ఆ సభలో విన్నవాళ్ళు తమ తమ ఊళ్ళకు పిలిచారు. డిసెంబర్‌లో బ్రూక్లిన్‌లో పేరున్న బోధకుడు హెన్రీ వార్డ్ బీచర్ తన చర్చిలో పాడించాడు. 1872లో అధ్యక్షుడు గ్రాంట్ ముందు వైట్‌హౌస్‌లో పాడారు. మొదటి యాత్ర ముగిసేసరికి ఇరవై వేల డాలర్లు చేతికొచ్చాయి. బడి అప్పులు తీరాయి, కొత్త భవనానికి స్థలం కొనే దారి దొరికింది.

మరొకరి పాటలు పాడినప్పుడు మర్యాదగా చప్పట్లు కొట్టిన జనమే సొంత పాట పాడినప్పుడు కదిలిపోయారు. అయితే ఆ పాటలు చేలో పాడినట్టే వేదిక మీదికి రాలేదు. అడుగులు, చప్పట్లు తగ్గించారు, నాలుగు గొంతుల అమరిక చేశారు, చాలా మెల్లగా మొదలుపెట్టి పైకి తీసుకుపోయే పద్ధతి అలవాటు చేసుకున్నారు. ఏం మార్చాలి, ఏం మార్చకూడదు అన్న నిర్ణయంలో ఆ పాటలు పుట్టిన ఇంటి పిల్లలు కూడా కూర్చున్నారు. ఇది గుర్తుంచుకోండి.

ఓడ ఎక్కే ముందు చేసిన పని

కొత్త భవనం కట్టాలంటే ఇరవై వేలు చాలవు. అప్పుడు ఇంగ్లండ్ ఆలోచన వచ్చింది. ఇంగ్లండే ఎందుకు? ఒకటి, భాష ఒకటే కాబట్టి పాటలో మాట వాళ్ళకు అర్థమవుతుంది. రెండు, బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని 1833 చట్టంతోనే రద్దు చేసింది, బానిసత్వ వ్యతిరేక సంఘాల వాళ్ళు అక్కడ ఊరూరా ఉన్నారు. మూడు, విముక్తులైన బానిసలకు సాయం చేసే సంఘాలు అక్కడ అప్పటికే పనిచేస్తున్నాయి. అమెరికాలో అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ ఊళ్ళు పట్టుకున్నట్టే, సముద్రం అవతల కూడా ముందుగా స్నేహితులు ఉన్న చోటు వెతుక్కున్నారు.

గాయకుల కంటే ముందు ఒక మనిషి లండన్ వెళ్ళాడు. ఆయన పేరు గస్టావస్ పైక్, మిషనరీ సంస్థ ఉద్యోగి. సభలు మాట్లాడటం, హాళ్ళు చూడటం, పత్రికలకు చెప్పడం ఆయన పని. పరిచయ లేఖలు కూడా పోగు చేసుకున్నారు. రచయిత మార్క్ ట్వైన్ 1873 మార్చిలో లండన్‌లోని తన ప్రచురణకర్తలకు ఈ బృందాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. తండ్రి బానిసల యజమానిగా ఉన్న ఇంట్లో పెరిగిన మనిషి ఆయన, ఆ పాటలు అసలు ఎలా ఉంటాయో చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. ఆయన మాటకు అందుకే విలువ.

పాటల పుస్తకం కూడా సిద్ధమైంది. థియోడర్ సీవార్డ్ అనే సంగీతజ్ఞుడు పాటలను స్వరలిపిలో రాసి 1872లో అచ్చు వేయించాడు. యాత్ర కథతో పైక్ ఒక పుస్తకం రాశాడు. కచేరీ దగ్గర పుస్తకాలు అమ్మితే టికెట్ డబ్బుకు అదనంగా ఆదాయం. ఇంటికి పోయినవాళ్ళ దగ్గర బృందం పేరు మిగులుతుంది.

ఓడ టికెట్ల దగ్గర మళ్ళీ రంగు అడ్డం వచ్చింది. కొన్ని ఓడ కంపెనీలు వీళ్ళకు క్యాబిన్ ఇవ్వమన్నాయి. చివరికి ఒక కంపెనీ ఒప్పుకుంది. 1873 ఏప్రిల్‌లో బోస్టన్ నుంచి బటేవియా అనే ఓడలో పదకొండు మంది గాయకులు బయలుదేరారు, ఏడుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు.

లండన్‌లో రెండు రోజులు

మే 6న మొదటి సభ. దానికి టికెట్ పెట్టలేదు. లార్డ్ షాఫ్ట్స్‌బరీ అనే పెద్దమనిషి పేరు మీద ఆహ్వానాలు వెళ్ళాయి. కార్మికుల కోసం, పేద పిల్లల కోసం పనిచేసిన నాయకుడాయన. లండన్ ప్రముఖులు, చర్చి పెద్దలు, పత్రికల వాళ్ళు వచ్చారు. మరుసటి రోజే ఆర్గైల్ డ్యూక్ ఇంట్లో విక్టోరియా రాణి వీళ్ళ పాట విన్నది. తర్వాత ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ తన ఇంటికి పిలిచాడు. రెండు రోజుల్లో వచ్చిన పేరుతో ఏడాది పాటు ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లాండ్ ఊళ్ళల్లో కచేరీలు నడిచాయి. పైకి చూస్తే అదృష్టం అనిపిస్తుంది. దాని వెనక పైక్ తిరిగిన తిరుగుడు ఉంది.

అమెరికాలో హోటల్ గది దొరకని పిల్లలను అక్కడ పెద్ద ఇళ్ళల్లో భోజనానికి కూర్చోబెట్టారు. కొందరికి అది జీవితంలో మొదటిసారి. 1874లో తిరిగి వచ్చేసరికి దాదాపు యాభై వేల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు పదివేల పౌండ్లు పోగయ్యాయి. పైక్ తన రెండో పుస్తకానికి ఆ పదివేల పౌండ్ల మాటే పేరుగా పెట్టాడు.

ఆ డబ్బుతో నాష్‌విల్‌లో, ఒకప్పుడు సైనిక కోట ఉన్న గుట్ట మీద జూబిలీ హాల్ లేచింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది. బ్రిటన్‌లో ఎడ్మండ్ హావెల్ గీసిన ఆ పదకొండు మంది నిలువెత్తు చిత్రం అందులో ఉంది.

జమాఖర్చులో రాయని ఖర్చు

ఇంతవరకు చదివితే ఇది గెలుపు కథ. మిగతా సగం కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే.

ఏడాది పొడవునా చలిలో, తడి వాతావరణంలో, రైళ్ళలో తిరుగుతూ దాదాపు రోజూ పాడటం మామూలు విషయం కాదు. స్కాట్లాండ్‌లో వైట్ భార్య లారా 1874లో టైఫాయిడ్‌తో చనిపోయింది. వైట్‌కు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి రక్తం పడింది. ఆయన మంచం పట్టినప్పుడు బృందాన్ని నడిపింది ఎల్లా షెపర్డ్. ఆమె ఒంట్లోనూ బాగా లేదు. అయినా వేదిక మీద పియానో ముందు ఆమే, తెర వెనక సాధన చేయించింది ఆమే. ఊరూరా ఇచ్చిన ప్రశంసల్లో మాత్రం పేరు ఎక్కువగా వైట్‌కే దక్కింది.

1875లో మళ్ళీ ఓడెక్కారు. ఈసారి బ్రిటన్‌తో పాటు హాలండ్, జర్మనీ కూడా. జర్మనీలో చక్రవర్తి ముందు పాడారు. కానీ భాష వేరు, ఖర్చులు ఎక్కువ, రాబడి మునుపటిలా లేదు. పాడేవాళ్ళు అలసిపోయారు. జీతం గురించి, విశ్రాంతి గురించి, ఎవరి మాట నెగ్గాలి అన్నదాని గురించి తగాదాలు పెరిగాయి. వైట్‌కు, బడి పెద్దలకు కూడా పొసగలేదు. 1878లో జర్మనీలో ఉండగానే బృందం విడిపోయింది. ఏడేళ్ళలో బడికి సుమారు లక్షా యాభై వేల డాలర్లు సంపాదించి పెట్టిన బృందం అది.

1876 జనవరి 1న జూబిలీ హాల్ ప్రారంభమైంది. ఆ రోజు ఆ భవనం కట్టించిన గాయకులు అక్కడ లేరు. సముద్రం అవతల ఇంకా పాడుతూనే ఉన్నారు. తొలి బృందంలో చాలామందికి చదువు పూర్తి చేసే వీలే దొరకలేదు. ఏ బడిని బతికించడానికి వెళ్ళారో ఆ బడిలో తమ చదువు పోగొట్టుకున్నారు. బెంజమిన్ హోమ్స్ క్షయతో చిన్న వయసులోనే పోయాడు. డికర్సన్, రట్లింగ్ ఇంగ్లండ్‌లోనే ఉండిపోయి అక్కడే కన్నుమూశారు.

ఎల్లా మాత్రం ఇంటికి చేరింది. చిన్నప్పుడు విడిపోయిన తల్లిని, చెల్లెలిని వెతికి తెచ్చుకుంది. నాష్‌విల్‌లో ఇల్లు కట్టి వాళ్ళను తనతో ఉంచుకుంది. 1914లో చనిపోయేదాకా ఫిస్క్ పిల్లలకు ఆ పాటలు నేర్పుతూనే ఉంది. నా దృష్టిలో ఈ యాత్ర ఫలితాల్లో ఇది భవనం కంటే తక్కువది కాదు.

పేరు ఎవరిది?

వీళ్ళకు పేరు రాగానే "జూబిలీ సింగర్స్" అని పెట్టుకుని అమెరికా అంతా బోలెడు బృందాలు పుట్టాయి. కొన్ని నిజాయితీగా పాడాయి, కొన్ని పేరు చెప్పి డబ్బు చేసుకున్నాయి. ఏది అసలు, ఏది నకలు అని వినేవాళ్ళకు తెలిసేది కాదు.

బడితో సంబంధం లేకుండా సొంతంగా నడిచిన బృందాల్లో గట్టిది ఫ్రెడరిక్ లౌడిన్‌ది. ఈయన 1875 యాత్రలో చేరిన గాయకుడు. తర్వాత బృందం నిర్వహణ తానే చేపట్టాడు. తెల్లజాతి మేనేజర్ కింద పాడిన మనిషి తానే మేనేజర్ అయ్యాడు. ఒప్పందాలు, లెక్కలు, దారి, అన్నీ ఆయన చేతుల్లోనే. 1884 నుంచి 1890 దాకా ఆ బృందం బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చుట్టి, మన భారతదేశానికి కూడా వచ్చింది. తాజ్‌మహల్ గుమ్మటం కింద పాడింది. అక్కడి నుంచి బర్మా, చైనా, జపాన్ మీదుగా అమెరికా చేరింది. బానిసల బిడ్డల పాట మన నేల మీద కూడా మోగిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఫిస్క్ జూబిలీ సింగర్స్ ఈనాటికీ ఉన్నారు. ప్రతి ఏడాది అక్టోబర్ 6న ఫిస్క్ విశ్వవిద్యాలయంలో జూబిలీ దినం జరుపుతారు. 2021లో వాళ్ళ ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం వచ్చింది.

ఇక మన ప్రయాణం

ఈ కథను మన గూడెంలోకి తెచ్చుకుందాం. రేపు మన బృందానికి పిలుపు వస్తే ముందు కూర్చోవాల్సింది పాస్‌పోర్టు ఆఫీసులో కాదు, మన పెద్దల దగ్గర.

మొదటి ప్రశ్న అదే: ఏది తీసుకుపోవచ్చు, ఏది కూడదు? గుస్సాడీ ఆటకు ఒక కాలం ఉంది, ఒక నియమం ఉంది. దండారి ముగింపులో కోలబొడి చేసి వేషం తీస్తారు. వేదిక కోసం ఆడే ఆటకు, పూజలో ఆడే ఆటకు మధ్య గీత ఎక్కడ గీయాలో పటేల్, దేవారి, పెద్దలు చెప్పాలి. ఈవెంట్ మేనేజర్ చెప్పకూడదు. ఫిస్క్ పిల్లలు తలుపులు మూసుకుని మొదట తమలో తాము తేల్చుకున్నారు. మనం కూడా అలాగే చేయాలి. రాత్రంతా ఆడేదాన్ని పది నిమిషాలకు కుదించాలంటే ఏది తీయాలో కూడా ఆడేవాళ్ళే నిర్ణయించాలి.

రెండోది చట్టం. నెమలి, అడవిదున్న రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. నెమలి ఈకలు దేశం దాటించడానికి అనుమతి లేదు. గుస్సాడీ టోపీని, కోయ కొమ్ములను పెట్టెలో సర్దుకుని విమానాశ్రయానికి పోతే అక్కడే ఆపేస్తారు, కేసు కూడా కావచ్చు. తోలు వాయిద్యాలను కొన్ని దేశాలు, ముఖ్యంగా ఆస్ట్రేలియా, తనిఖీ చేశాకే లోపలికి రానిస్తాయి. అటవీ శాఖతో, కస్టమ్స్‌తో నెలల ముందే మాట్లాడాలి. ప్రదర్శన కోసం వేరే సామగ్రితో చేసిన వేషం తయారు చేసుకోవాలా అన్నది కూడా పెద్దలతో కలిసి తేల్చుకోవాలి. తీసుకుపోయి తిరిగి తెచ్చే సామానుకు సుంకం పడకుండా ఏటీఏ కార్నె అనే పత్రం ఉంటుంది. మన దేశంలో దాన్ని ఫిక్కీ ఇస్తుంది. మనం పోయే దేశం దాన్ని వాయిద్యాలకు ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి.

మూడోది కాగితాలు. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఒక పేరు, ఓటరు కార్డులో ఒక పుట్టిన తేదీ ఉండటం మన ఊళ్ళల్లో మామూలే. పిలుపు వచ్చాక సరిచేసుకుందామంటే కుదరదు. బృందంలో ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు ఇప్పుడే తీసి పెట్టుకోండి. డబ్బు తీసుకుని ప్రదర్శన ఇచ్చేటప్పుడు టూరిస్టు వీసా మీద పోకూడదు. అమెరికా లాంటి దేశాల్లో సంప్రదాయ కళాకారులకు వేరే వీసా ఉంది, దానికి పిలిచేవాళ్ళే దరఖాస్తు పెట్టాలి. ప్రభుత్వం తరఫున బృందాలను పంపేది ఐసీసీఆర్. దాని జాబితాలో చేరడానికి బృందం వివరాలు, వీడియోలు పంపి దరఖాస్తు చేసుకోవచ్చు.

నాలుగోది డబ్బు, ఆరోగ్యం. ఒక్కొక్కరికి ఎంత, ఎప్పుడు ఇస్తారు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, వారానికి ఎన్ని ప్రదర్శనలు, విశ్రాంతి రోజు ఏది, వీడియో తీస్తే హక్కు ఎవరిది, బృందం పేరు ఎవరు వాడుకోవచ్చు అన్నవన్నీ రాతలో, మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువుకునే పిల్లలుంటే పరీక్షల తేదీలు చూసి యాత్ర తేదీలు పెట్టాలి. ఫిస్క్ పిల్లలకు ఈ ఏర్పాటు లేకపోవడం వల్ల ఏం జరిగిందో పైన చదివారు.

అయిదోది ముందు వెళ్ళే మనిషి. ఆ పైక్ పని మన యువతలో ఎవరైనా నేర్చుకోవాలి. పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు మనకు కొదవ లేదు. ఉత్తరం రాసేవాడు, లెక్క రాసేది, ఒప్పందం చదివి "ఈ మాట మార్చండి" అని అడగగలిగేది కావాలి. డిగ్రీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బృందంలో మీ చోటు అది కూడా కావచ్చు. లౌడిన్ గాయకుడిగా మొదలై మేనేజర్ అయిన సంగతి మరిచిపోకండి.

చివరగా ఒక చిన్న పని. మీ ఇంట్లో అవ్వకో తాతకో తెలిసిన పాట ఒకటి ఈ నెలలో అడిగి తెలుసుకోండి. ఎవరు పాడారు, ఏ సందర్భంలో పాడతారు, బయట పాడొచ్చా లేదా అన్నది కూడా పక్కన రాసి పెట్టండి. ఫిస్క్ యాత్ర మొదలైంది ఓడరేవులో కాదు, నేల మీద కూర్చుని ఒకరికొకరు ఇంటి పాట గుర్తు చేసుకున్న ఆ గదిలో. మన గదిలో ఆ పని ఇంకా సగం కూడా కాలేదు.